వెన్నులో సూది ఎవరికి?

చంటిబిడ్డకు జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే, "వెన్నులోంచి నీళ్లు తీసి చూడాలి, ఇక్కడ సంతకం పెట్టండి" అని డాక్టరు అన్నప్పుడు ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడల్లోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా ఇదే తంతు. నానమ్మ వద్దంటుంది, మేనమామకు ఫోన్ పోతుంది, "నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతయంట" అని పక్కమంచం వాళ్లెవరో అంటారు. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం సులువే గానీ, అది ఎలా పుట్టిందో చూస్తే అందులోనూ ఒక తర్కం కనిపిస్తుంది. వెన్నునీరు తీసేది నిక్షేపంగా ఉన్న పిల్లలకు కాదు, మెదడు పొరలకు చీము పట్టే మెనింజైటిస్ వచ్చిందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లకు. నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్లలో కొందరు చనిపోతారు. బతికినవాళ్లలో కొందరికి చెవుడు, ఫిట్స్, కాళ్లూ చేతుల బలహీనత మిగిలిపోతాయి. ఊళ్లో జనం కంటితో చూసింది ముందు సూదిని, తర్వాత అవిటితనాన్ని. నడుమ ఉన్న జబ్బు ఎవరికీ కనపడదు కాబట్టి నింద సూది మీద పడింది. నిజానికి పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలో, మొదటి రెండు నడుంపూసల దగ్గరే ముగుస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డలో ఇంకాస్త కిందికి, మూడో పూస దాకా ఉండొచ్చు. సూది గుచ్చేది అంతకన్నా కింద, మూడు నాలుగు పూసల మధ్యనో నాలుగు ఐదు పూసల మధ్యనో ఉండే సందులో. అక్కడ నీళ్లలో తేలాడే నరాల పోగులే తప్ప వెన్నుపాము ఉండదు. పసిబిడ్డ నుంచి తీసేది ఒకటి రెండు మిల్లీలీటర్లు. శరీరం దాన్ని కొద్ది గంటల్లోనే మళ్లీ నింపుకుంటుంది.

కాళ్లు పడిపోతాయన్న మాట తప్పు. కానీ ఆ మాట వెనక దాగున్న ప్రశ్న, "ఇది తప్పనిసరా?" అన్నది మాత్రం చాలా సరైన ప్రశ్న. పిల్లల వైద్యశాస్త్రం గత నలభై ఏళ్లుగా అదే ప్రశ్న వేసుకుంటోంది. ఒక రక్తపరీక్ష చేసి, దాన్నిబట్టి కొందరు పిల్లలకు సూది తప్పించవచ్చా? ఇటీవలి పరిశోధనల జవాబు: అవును, కొందరికి తప్పించవచ్చు. సూర్యాపేట జిల్లాలో పాలకీడు లాంటి మండలం నుంచి ఆసుపత్రికి చేరే బిడ్డకు ఆ జవాబు ఎంతవరకు వర్తిస్తుందన్నదే ఈ అధ్యాయంలో తేల్చుకోవలసిన విషయం. నా వాదన క్లుప్తంగా ఇది. రక్తపరీక్ష వెన్నుసూదికి ప్రత్యామ్నాయం కాదు. ఏ పిల్లల మీద, ఏ పరిస్థితుల్లో దాన్ని సరిచూశారో ఆ పిల్లలకు, ఆ పరిస్థితుల్లోనే అది నమ్మదగింది. ఆ హద్దు దాటించి వాడితే సూది కన్నా ప్రమాదకరం అవుతుంది.

వెన్నులోంచి నీళ్లు తీసే పద్ధతిని 1891లో జర్మనీలోని కీల్ నగర వైద్యుడు హైన్రిక్ క్విన్కె లోకానికి తెలియజేశాడు. తలలో నీరు చేరి ఒత్తిడి పెరిగిన పిల్లలకు ఆ ఒత్తిడి తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. పరీక్షగా దాని విలువ ఆ వెంటనే తెలిసొచ్చింది. ఆ నీటిలో తెల్లకణాలు ఎన్ని, చక్కెర ఎంత తగ్గింది, ప్రొటీన్ ఎంత పెరిగింది, రంగు వేసి చూస్తే క్రిములు కనపడుతున్నాయా, కల్చర్‌లో ఏ క్రిమి మొలకెత్తింది అన్న వివరాలు కలిస్తే మెదడు పొరల్లో ఏం జరుగుతోందో నేరుగా తెలుస్తుంది. నూట ముప్పై ఏళ్లు దాటినా మెనింజైటిస్‌ను రుజువు చేయడానికి దీన్ని మించిన దారి లేదు. స్కానింగు వచ్చింది, ఎంఆర్‌ఐ వచ్చింది, అయినా ఈ ఒక్క విషయంలో ఆ పాత సూదిని అవి పక్కకు నెట్టలేకపోయాయి.

పెద్దపిల్లల్లోనూ పెద్దవాళ్లలోనూ మెనింజైటిస్ కొంతవరకు తన ఉనికి తానే చాటుకుంటుంది. విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం వంటి గుర్తులుంటాయి. రెండు నెలల లోపు బిడ్డలో ఇవేవీ ఉండకపోవచ్చు. ఒళ్లు వెచ్చబడుతుంది, పాలు సరిగా తాగదు, కాస్త మందకొడిగా ఉంటుంది, అంతే. కొన్నిసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. జ్వరం వచ్చిన పసికందుల్లో ఎక్కువమందికి ఉన్నది తనంతట తగ్గిపోయే వైరస్ జ్వరమే. అమెరికాలో 26 ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు 2011 నుంచి 2013 మధ్య జ్వరంతో వచ్చిన, 60 రోజులు మించని 1,821 మంది పిల్లల లెక్క చూస్తే, 151 మందికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, 26 మందికి రక్తంలో బ్యాక్టీరియా ఉంది, బ్యాక్టీరియా మెనింజైటిస్ ఉన్నది 10 మందికి. అంటే దాదాపు రెండు వందల మందిలో ఒకరికి. ఆ ఒక్కర్ని పట్టుకోవడానికి మిగతా అందరి వెన్నులో సూది గుచ్చాలా? చాలాకాలం జవాబు "గుచ్చాలి" అనే ఉండేది. నెల లోపు బిడ్డకు జ్వరం వస్తే రక్తం, మూత్రం, వెన్నునీరు మూడూ తీసి, ఆసుపత్రిలో చేర్చి, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టడమే రివాజు. తప్పిపోయిన మెనింజైటిస్‌కు మూల్యం ఒక బిడ్డ ప్రాణమో జీవితకాలపు వైకల్యమో అయినప్పుడు ఆ జాగ్రత్తను తప్పుబట్టలేం.

అయితే ఆ జాగ్రత్తకూ ఖర్చుంది. నొప్పిని పక్కన పెట్టండి, అది నిమిషాల్లో పోతుంది. అసలు చిక్కు చెడిపోయిన నమూనాతో. వేలెడంత సందులో, మెలికలు తిరిగే మూడు కిలోల బిడ్డకు సూది సరిగ్గా దింపడం అనుభవం ఉన్న చేతికీ కష్టమే. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా నవజాత శిశువుల మీద జరిగి 2023లో ప్రచురితమైన నియోక్లియర్ అధ్యయనం ఈ విషయాన్ని నిష్కర్షగా లెక్కగట్టింది. బిడ్డను పక్కకు పడుకోబెట్టి గుచ్చితే మొదటి ప్రయత్నం 57.6 శాతం మందిలో ఫలించింది. కూర్చోబెట్టి పట్టుకుంటే అది 63.7 శాతానికి పెరిగింది. ఫలించడమంటే ఇక్కడ నెత్తురు పెద్దగా కలవని నీరు రావడం. అంత మెరుగుపరిచాక కూడా ముగ్గురిలో ఒకరికి మించి నమూనా పనికిరాకుండా పోతోంది. నెత్తురు కలిసిన నీటిలో తెల్లకణాలు ఎక్కువగా కనపడితే అవి మెదడు పొరల నుంచి వచ్చాయా, సూది తగిలిన రక్తనాళం నుంచి వచ్చాయా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు. చెప్పలేనప్పుడు డాక్టరు ఏం చేస్తారు? మెనింజైటిసే అనుకుని రెండు మూడు వారాలు ఇంజెక్షన్లు ఇస్తారు. తల్లి వార్డు బయట, తండ్రి కూలి మానుకుని ఆసుపత్రి వరండాలో. లేని జబ్బుకు ఇన్ని రోజుల మందు, అదీ మందులకు లొంగని క్రిములు తిరిగే వార్డులో. కాబట్టి అందరికీ సూది అన్న పద్ధతిలో భద్రత పైకి కనిపించినంత లేదు.

ఇక్కడే రక్తపరీక్షలు రంగంలోకి వచ్చాయి. క్రిమి ఒంట్లోకి చొరబడినప్పుడు శరీరం రకరకాల పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. వాటిలో మన ప్రయోగశాలలకు బాగా పరిచయమైనది సీఆర్‌పీ. న్యుమోనియా రోగుల రక్తంలో 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ పరిశోధకులు దీన్ని కనుగొన్నారు. దీన్ని తయారుచేసేది కాలేయం, అదీ తాపీగా. జ్వరం మొదలై పన్నెండు గంటలైనా గడవనిదే సీఆర్‌పీ బాగా పెరగదు. ప్రొకాల్సిటోనిన్ వైనం వేరు. మామూలుగా అది థైరాయిడ్ గ్రంథిలో కాల్సిటోనిన్ అనే హార్మోనుకు ముడిసరుకు, రక్తంలో దాదాపు ఉండనే ఉండదు. బ్యాక్టీరియా దాడి జరిగితే మాత్రం ఒంట్లో అనేక చోట్ల కణాలు దాన్ని తయారుచేసి నాలుగైదు గంటల్లోనే రక్తంలోకి వదులుతాయి. వైరస్ జ్వరాల్లో ఈ పెరుగుదల చాలా తక్కువ. ఈ తేడాను 1993లో ఫ్రెంచి పరిశోధకులు లాన్సెట్ పత్రికలో చూపించారు. పసికందుల్లో జ్వరం వచ్చిన రెండు మూడు గంటలకే తల్లి ఆసుపత్రికి పరుగెత్తుకొస్తుంది కాబట్టి ముందుగా పెరిగే పదార్థానికి విలువ ఎక్కువ. ఒక మెలిక కూడా ఉంది. ఏ జబ్బూ లేకున్నా పుట్టిన మొదటి రెండు రోజుల్లో ప్రొకాల్సిటోనిన్ సహజంగానే పెరిగి తగ్గుతుంది. ఆ రోజుల్లో ఆ అంకెను మామూలు కొలతతో చదివితే తప్పుదారి పడతాం.

పైన చెప్పిన 1,821 మంది పిల్లల అధ్యయనమే ఈ పదార్థాలను ఒక సూత్రంగా మలిచింది. కుపర్మన్, ఆయన సహచరులు 2019లో ప్రకటించిన ఆ సూత్రంలో మూడే షరతులు. మూత్రపరీక్షలో తేడా ఉండకూడదు, రక్తంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 4,090 దాటకూడదు, ప్రొకాల్సిటోనిన్ మిల్లీలీటరుకు 1.71 నానోగ్రాములు మించకూడదు. మూడూ సరిగా ఉన్న బిడ్డకు తీవ్రమైన బ్యాక్టీరియా జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. సూత్రాన్ని కొత్త పిల్లల మీద సరిచూసినప్పుడు, జబ్బున్నవాళ్లలో 97.7 శాతం మందిని అది పట్టుకుంది, లేనివాళ్లలో 60 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. అధ్యయనం మొత్తం మీద ముగ్గురు జారిపోయారు, ఇద్దరికి మూత్ర ఇన్ఫెక్షన్, ఒకరికి రక్తంలో బ్యాక్టీరియా. మెనింజైటిస్ ఒక్కటీ జారలేదు. యూరప్‌లో 11 అత్యవసర విభాగాల్లో 2,185 మంది పిల్లల మీద పరీక్షించి 2016లో ప్రచురించిన అంచెలంచెల పద్ధతి కూడా ఇలాంటిదే. ముందు బిడ్డ వాలకం, తర్వాత వయసు, మూత్రం, ప్రొకాల్సిటోనిన్, చివరికి సీఆర్‌పీ, న్యూట్రోఫిల్స్. రక్తానికో మెదడుకో పాకిన ఇన్ఫెక్షన్లలో 92 శాతాన్ని అది పట్టుకోగలిగితే, అదే పిల్లల మీద పాత రోచెస్టర్ కొలమానం 81.6 శాతమే పట్టుకుంది. వీటన్నిటి దరిమిలా అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2021లో మార్గదర్శకాలు వెలువరించింది. 8 నుంచి 21 రోజుల బిడ్డకు జ్వరముంటే సూది తప్పదు. 22 నుంచి 28 రోజుల మధ్య రక్తపరీక్షలు బాగుంటే డాక్టరు, తల్లిదండ్రులు కలిసి ఆలోచించుకోవచ్చు. 29 నుంచి 60 రోజుల మధ్య రక్తపరీక్షలు బాగుంటే సూది అక్కర్లేదు. మొదటి నెల పిల్లలకూ ఈ సూత్రాన్ని చాపవచ్చా అని పలు దేశాల సమాచారం కలిపి 2025లో మరో విశ్లేషణ వచ్చింది. అందులోనూ మెనింజైటిస్ జారిపోలేదు, రక్తంలో బ్యాక్టీరియా ఉన్న కొందరు మాత్రం జారిపోయారు.

దీనికి మొదటి అభ్యంతరం పిల్లల డాక్టర్లే లేవనెత్తుతారు, అదీ గట్టి ఆధారంతో. అమెరికాలో 150 నవజాత శిశు విభాగాల్లోని తొమ్మిది వేల మందికి పైగా పిల్లల వెన్నునీటి ఫలితాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, కల్చర్ ద్వారా మెనింజైటిస్ రుజువైన పిల్లలకు రక్తం కల్చర్ కూడా చేసి ఉన్న 92 మందిని చూస్తే, 35 మంది రక్తంలో ఏ క్రిమీ మొలవలేదు. నూటికి 38 మంది! రక్తం శుభ్రంగా ఉంది కదా అని సూది మానేస్తే వీళ్లందరి జబ్బూ మరుగున పడిపోయేది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కానీ అక్కడ రక్తాన్ని అడిగిన ప్రశ్న వేరు, ఇక్కడ అడుగుతున్న ప్రశ్న వేరు. కల్చర్ అడిగేది "క్రిమి ఇప్పుడు ఈ మిల్లీలీటరు రక్తంలో ఉందా?" అని. పసిబిడ్డ నుంచి తీయగలిగేదే కొద్దిపాటి రక్తం, క్రిమి అప్పటికే రక్తాన్ని వదిలి మెదడు పొరల్లో స్థిరపడి ఉండొచ్చు. ప్రొకాల్సిటోనిన్ అడిగేది "ఒంట్లో ఎక్కడైనా సరే, బ్యాక్టీరియాతో శరీరం పోరాడుతోందా?" అని. క్రిమి రక్తంలోంచి జారుకున్నా ఆ పోరాటపు జాడ రక్తంలో మిగులుతుంది. అందుకే కల్చర్ విఫలమైన చోట ఈ పరీక్ష పనికొచ్చే వీలుంది. వీలుంది అంటున్నాను గానీ ఖాయం అనడం లేదు. అమెరికా అధ్యయనంలో మెనింజైటిస్ ఉన్న పిల్లలే పదిమంది. పదికి పది పట్టుకున్న సూత్రం పదకొండో బిడ్డను వదిలేయదన్న హామీ ఏ గణితమూ ఇవ్వదు.

రెండో అభ్యంతరం మన నేలకు సంబంధించింది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైంది కూడా. మిర్యాలగూడ మిల్లులో ఒక రకం ధాన్యానికి సరిపోయిన జల్లెడను ఇంకో రకానికి వేస్తే నూకలూ రాళ్లూ కలిసి కిందికి దిగుతాయి. ఈ సూత్రాలనే జల్లెడలను అల్లింది అమెరికా, యూరప్ పిల్లల కొలతలతో. అక్కడ పసికందుల్లో ఈ జబ్బులకు ప్రధాన కారణాలు ఈ.కోలై, బి గ్రూపు స్ట్రెప్టోకోకస్. ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల్లో 2011 నుంచి 2014 వరకు 13,530 మంది నవజాత శిశువులను గమనించిన అధ్యయనం వేరే చిత్రం చూపింది. ఎక్కువగా దొరికింది అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఆ తర్వాతే ఈ.కోలై. మొదటి రెండూ మందులకు మొండికేయడంలో పేరుమోసినవి. ఆ పిల్లల్లో 14.3 శాతం మందికి సెప్సిస్ (రక్తం ద్వారా ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్) ఉంది, 6.2 శాతం మందికి కల్చర్‌లో రుజువైంది. మూడింట రెండు వంతుల సెప్సిస్ పుట్టిన మూడు రోజుల్లోపే మొదలైంది. అంటే అమెరికా మార్గదర్శకాలు అసలు వర్తించని రోజుల్లో, ప్రొకాల్సిటోనిన్ సహజంగానే ఎగిసిపడే రోజుల్లో.

జబ్బు ఎంత వ్యాపించి ఉందన్నది పరీక్ష విలువను ఎలా మారుస్తుందో ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. జబ్బున్న నూరుమందిలో 95 మందిని పట్టుకుని, లేని నూరుమందిలో 60 మందికి లేదని చెప్పే పరీక్ష ఒకటి ఉందనుకోండి. జబ్బు అర శాతం మందికి మాత్రమే ఉండే చోట లక్షమంది పిల్లలకు ఆ పరీక్ష చేస్తే, 59,725 మందికి "పర్వాలేదు" అని వస్తుంది, అందులో జబ్బుండి జారిపోయినవాళ్లు 25 మంది. అంటే ఆ మాటను నమ్మిన సుమారు 2,400 మందిలో ఒకరు మోసపోతారు. అదే పరీక్షను జబ్బు పది శాతం మందికి ఉండే వార్డులో చేస్తే "పర్వాలేదు" అనిపించుకునేది 54,500 మంది, వాళ్లలో జబ్బున్నవాళ్లు 500 మంది. ఇప్పుడు 109 మందిలో ఒకరు మోసపోతారు. పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు, రీడింగు తీసిన టెక్నీషియన్ కూడా మారలేదు. మారింది వార్డులో చేరిన పిల్లలు. అట్లాంటాలో భరోసా ఇచ్చిన అంకె సూర్యాపేటలో అంతే భరోసా ఇస్తుందని అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇదే. దీన్ని "మన పిల్లలు వేరు" అన్న ఆవేశంగా తీసుకోనక్కర్లేదు, కూడికలూ తీసివేతలే.

మూడు షరతుల సూత్రాన్ని మలిచిన అధ్యయనంలో ఎవరిని చేర్చుకోలేదో చూస్తే ఇంకొన్ని సంగతులు బయటపడతాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు లేరు. చూడగానే జబ్బుపడినట్టు తెలిసే బిడ్డలకు ఆ మార్గదర్శకాలు వర్తించవు. డొక్కలు ఎగరేస్తూ, పాలు మానేసి, ఒళ్లు వేలాడేసిన బిడ్డకు రక్తపరీక్ష ఎంత బాగున్నా సూది పడాల్సిందే. కాకపోతే ఊపిరి, రక్తప్రసరణ కుదుటపడేదాకా ఆగి, ఈలోగా మందు మొదలుపెట్టి, తర్వాత తీస్తారు. మన పల్లెలకు మరీ ముఖ్యమైనది మూడో మినహాయింపు. అంతకు ముందు రెండు రోజుల్లో యాంటీబయాటిక్ పడిన పిల్లలను అమెరికా అధ్యయనం పక్కన పెట్టింది. పాలకీడు మండలంలో ఏ తండా నుంచైనా జ్వరంతో బయల్దేరిన బిడ్డ నేరుగా జిల్లా ఆసుపత్రికి చేరడం అరుదు. దారిలో ఒక ఆర్ఎంపీ ఉంటాడు, ఒక మెడికల్ షాపు ఉంటుంది, ఒక సూది మందో చుక్కల మందో పడుతుంది. పిల్లల మెనింజైటిస్ మీద 2001లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, సిర ద్వారా యాంటీబయాటిక్ పడ్డాక మెనింగోకోకస్ క్రిమి రెండు గంటల్లోపే వెన్నునీటి కల్చర్‌లో కనపడకుండా పోవచ్చు, న్యుమోకోకస్ నాలుగు గంటల నుంచి కనుమరుగవడం మొదలవుతుంది. అరకొర మందు పడిన బిడ్డలో రక్తపు అంకెలు దిగొచ్చి, మెదడు పొరల్లో జబ్బు మాత్రం మిగిలే ప్రమాదం ఉంది. ఆ బిడ్డ విషయంలో మూడు షరతుల సూత్రానికి అర్థం లేదు. సూత్రాన్ని తయారుచేసినవాళ్లే అలాంటి పిల్లలను లెక్కలోకి తీసుకోలేదు మరి.

సరే, ఇంత గందరగోళం ఎందుకు, సూదీ వద్దు లెక్కలూ వద్దు, జ్వరమొచ్చిన ప్రతి పసికందుకూ గట్టి యాంటీబయాటిక్ ఇచ్చేస్తే పోలేదా అని అడగొచ్చు. సంతకం పెట్టని కుటుంబాల విషయంలో చాలాచోట్ల జరుగుతున్నదీ ఇదే. దీనికి జవాబు మందుల తీరులో ఉంది. రక్తంలోని ఇన్ఫెక్షన్‌కు పది రోజుల చికిత్స చాలా సందర్భాల్లో సరిపోతుంది. క్లెబ్సియెల్లా, ఈ.కోలై జాతి క్రిములు మెదడు పొరలకు పాకితే కనీసం మూడు వారాలు ఇవ్వాలి. మోతాదు కూడా వేరు. పసికందుల సెప్సిస్‌లో అన్నిచోట్లా వాడే జెంటామైసిన్ రక్తంలో బాగా పనిచేస్తుంది గానీ వెన్నునీటిలోకి సరిగా దిగదు. మెనింజైటిస్ ఉందో లేదో తెలియకుండా మందు మొదలుపెడితే, ఉన్నవాళ్లకు సగంలో ఆపేస్తాం, లేనివాళ్లకు రెండింతలు పొడిగిస్తాం. పదో రోజున జ్వరం లేదని ఇంటికి పంపిన బిడ్డ నెల తిరక్కుండా తల పెరిగి, ఫిట్స్‌తో తిరిగొచ్చే పరిస్థితి ఇలాగే ఏర్పడుతుంది. ఎంతకాలం ఏ మందు వాడాలో చెప్పేది వెన్నునీరే. సూది వేసేముందు దాని అవసరాన్ని తగ్గించగలిగిన రక్తపరీక్ష, ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఏమీ చెప్పలేదు.

రక్తపరీక్ష జవాబివ్వలేని ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. ప్రొకాల్సిటోనిన్ తక్కువగా ఉందంటే బ్యాక్టీరియా జబ్బు ఉండకపోవచ్చని అర్థమే తప్ప మెదడు క్షేమమని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 వేసవి చివర, తెలంగాణ జిల్లాలనే ఎక్కువగా తాకిన మెదడువాపులో 329 మంది పిల్లలు జబ్బుపడ్డారు, 183 మంది చనిపోయారు. పుణె జాతీయ వైరాలజీ సంస్థ అప్పుడు పట్టుకున్నది చండీపుర వైరస్‌ను. బ్యాక్టీరియాను వెతికే రక్తపరీక్షతో అటువంటి జబ్బును తోసిపుచ్చలేం. జపనీస్ మెదడువాపు సంగతి మరీ విచిత్రం. ఆ వైరస్ సోకినవాళ్లలో ఎక్కువమందికి జబ్బే రాదు, రక్తంలో ప్రతిరక్షకాలు మాత్రం పుడతాయి. టీకా వేయించుకున్నా పుడతాయి. కనుక రక్తంలో అవి కనపడితే ఇప్పటి ఫిట్స్‌కు అదే కారణమని చెప్పలేం. వెన్నునీటిలో కనపడితే చెప్పవచ్చు. క్షయ మెనింజైటిస్‌లో వారాల తరబడి సన్నని జ్వరం, తలనొప్పి, బరువు తగ్గడం ఉంటాయి, సీఆర్‌పీ ఒక మోస్తరుగా ఉండి ఏమీ తేల్చదు. మన ప్రాంతంలో రెండు వారాలు దాటిన తలనొప్పి, జ్వరాల దగ్గర రక్తం రిపోర్టు చూసి ఊపిరి పీల్చుకోవడం పెద్ద పొరపాటు.

రక్తమే ముందు నడిచి సూదికి దారి చూపే సందర్భం ఒకటి ఉంది, దాంతో పోల్చి చూస్తే పసికందుల సమస్య ఇంకా స్పష్టమవుతుంది. హెచ్ఐవీ బాగా ముదిరి సీడీ4 కణాలు వంద లోపుకు పడిపోయినవాళ్లలో క్రిప్టోకోకస్ అనే ఫంగస్ మెదడు పొరలను పట్టుకుంటుంది. తలనొప్పి మొదలవడానికి వారాల ముందే దాని జాడ రక్తంలో కనపడుతుంది. కాగితపు పట్టీ మీద పది నిమిషాల్లో తేలే పరీక్ష ఉంది. లక్షణాలు లేకపోయినా ఆ పట్టీ మీద గీత కనపడితే వెన్నునీరు తీసి చూడాలనీ, అక్కడ ఫంగస్ లేకపోతే ముందుజాగ్రత్తగా ఫ్లూకొనజోల్ ఇవ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ రక్తపరీక్ష వెతికేది ఆ క్రిమి తాలూకు పదార్థాన్నే. అందుకే దాని మాట సూటిగా ఉంటుంది. పసికందుల్లో మనం వెతికేది క్రిమిని కాదు, క్రిమి వల్ల శరీరంలో రేగిన కలకలాన్ని. కలకలం ఇంకో కారణంతోనూ రేగవచ్చు, కొన్నిసార్లు ఆలస్యంగా రేగవచ్చు. రెంటినీ "రక్తపరీక్ష" అన్న ఒకే మాటతో పిలుస్తున్నాం గానీ వాటి సాక్ష్యానికి ఉన్న బలం ఒకటి కాదు.

మరి పాలకీడు దారిలో దీని స్థానం ఎక్కడ? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాదని నా అభిప్రాయం. ఆశా కార్యకర్త బిడ్డ పుట్టాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది, చంకలో థర్మామీటర్ పెడుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు 37.5 డిగ్రీలు దాటితే, పాలు తాగకపోతే, డొక్కలు ఎగరేస్తే పెద్దాసుపత్రికి పంపడమే నియమం. ఆ నిర్ణయానికి ప్రొకాల్సిటోనిన్ అక్కర్లేదు. పైగా నమూనా జిల్లా కేంద్రానికి వెళ్లి ఫలితం ఫోన్లోకి వచ్చేదాకా ఆగితే, పసికందు విషయంలో విలువైన గంటలు పోతాయి. రక్తం బాగుందన్న చీటీ చూసి ఇంట్లోనే ఉంచేసే ప్రమాదమూ ఉంది. దీని స్థానం సూర్యాపేట లాంటి చోట, ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైన ఊళ్లో, నవజాత శిశువుల విభాగం ఉన్న ఆసుపత్రిలో. అక్కడ మన వైద్యులు ఇప్పటికే సెప్సిస్ స్క్రీన్ అనే చవకైన పద్ధతి వాడుతున్నారు. తెల్లకణాలు 5,000 లోపు పడిపోయాయా, న్యూట్రోఫిల్స్ తగ్గాయా, వాటిలో ముదరని కణాల పాలు 20 శాతం మించిందా, మైక్రో ఈఎస్‌ఆర్ 15 మిల్లీమీటర్లు దాటిందా, సీఆర్‌పీ పెరిగిందా అని ఐదు చూసి, రెండు తేడాగా ఉంటే సెప్సిస్‌ను అనుమానిస్తారు. ప్రొకాల్సిటోనిన్ సీఆర్‌పీ కన్నా చాలా ఖరీదు. దానికి ఖర్చుపెట్టేముందు, నాలుగో వారం దాటి, నెలలు నిండి పుట్టి, హుషారుగా పాలు తాగుతూ, ముందు ఏ మందూ పడని బిడ్డలు జ్వరంతో ఎంతమంది వస్తున్నారో ఆ వార్డు రిజిస్టరు చూసి లెక్కేయాలి. ఆ కొద్దిమందికి ఇది మేలు చేస్తుంది, సందేహం లేదు. మిగతావాళ్లకు ఇప్పటికైతే సూదే.

ఆ కొద్దిమందిలో బిడ్డ ఉందో లేదో తేలేది చాలాసార్లు ప్రయోగశాలలో కూడా కాదు. దారిలో ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు పడిందన్నది డాక్టరుకు తెలియకపోతే ఏ సూత్రాన్నీ మొదలుపెట్టడానికే వీల్లేదు. పీహెచ్‌సీ నుంచి పంపేముందు ఇచ్చే మొదటి జెంటామైసిన్ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది, దాన్ని ఆపాలని ఎవరూ అనరు. ఇచ్చినట్టు రెఫరల్ చీటీ మీద రాస్తే చాలు, మందు పేరూ టైమూ కలిపి. ఆర్ఎంపీ దగ్గర పడిన సూది గురించి ఆసుపత్రిలో తిడతారని తల్లి చెప్పదు. అడిగే మనిషి కసురుకోకుండా అడిగితే చెబుతుంది, సీసా మూత కొంగున కట్టుకొచ్చి ఉంటే చూపిస్తుంది కూడా.